19 వేలు పెట్టి స్ప్రింగులు మార్చా.. కారు ఇంకా పాడైంది! అసలు తప్పు ఎక్కడుందో ఫోన్ సెన్సర్ పట్టిచ్చింది

ఫోన్ల రివ్యూలు రాసుకునే నేను ఈసారి కారు కింద దూరాల్సి వచ్చింది. కారణం ఒక వడ్ల కుప్ప.

2024 ఏప్రిల్. మిర్యాలగూడలో చుట్టాల పెళ్లి చూసుకుని, రాత్రి పదిన్నరకి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వస్తున్నాం. డ్రైవింగ్ నేను, పక్కన నాన్న, వెనక అమ్మ, బావ. యాసంగి కోతల టైమ్. మా వైపు ఆ నెలలో రోడ్డు సగం కళ్లం అయిపోతుంది. వడ్లు ఆరబోస్తారు, రాత్రయితే నల్ల పట్టా కప్పుతారు, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. రైతుని తిట్టి లాభం లేదు లెండి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు సెంటర్‌లో తీసుకోరు, ఆరబెట్టడానికి తారు రోడ్డంత మంచి చోటు ఊళ్లో ఇంకోటి ఉండదు.

ఎదురుగా ధాన్యం లారీ, ఫుల్ హై బీమ్. అది దాటిన మరుక్షణం ముందు రాళ్లు కనిపించాయి. స్పీడ్ 70. స్టీరింగ్ కుడికి తిప్పా. లారీ వెనకే ఇంకో బండి వస్తోంది, వెంటనే ఎడమకి తిప్పా. మొదటి తిప్పుకి బాడీ ఎడమకి వాలింది. అది లేచేలోపే రెండో తిప్పు పడింది కదా, ఈసారి కుడికి అంతకంటే ఎక్కువ వాలింది. వెనక భాగం పడవలా ఊగింది. మొత్తం రెండు, మూడు సెకన్లు. దేనికీ తగల్లేదు.

"ఏం బామ్మర్దీ, అందర్నీ ఒకేసారి పంపిద్దామనుకున్నావా ఏంది?" అని బావ నవ్వేశాడు. నాన్న మాత్రం ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున టీ తాగుతూ ఒకటే మాట అన్నాడు: "రాత్రిళ్లు మీ అమ్మని ఆ కార్లో ఎక్కించకు."

కారు 2014 స్విఫ్ట్ డీజిల్. అప్పటికి లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్ ఇప్పటికీ సూపర్. అందుకే మిగతా కారు కూడా బాగానే ఉందనుకున్నా.

వాళ్లకి మూస్.. మనకి వడ్ల కుప్ప

నేను ఆ రాత్రి తెలియకుండానే చేసినదానికి కార్ల ప్రపంచంలో ఒక పేరుంది. మూస్ టెస్ట్. స్వీడన్‌లో మూస్ అనే పెద్ద దుప్పి లాంటి జంతువు హఠాత్తుగా రోడ్డు మీదకి వస్తుంది. దాన్ని తప్పించి మళ్లీ మన లేన్‌లోకి రావాలి, కారు పల్టీ కొట్టకూడదు. 1997 అక్టోబర్‌లో స్వీడన్ మ్యాగజైన్ టెక్నికెన్స్ వర్ల్డ్ కొత్త మెర్సిడెస్ ఏ-క్లాస్‌తో ఇదే టెస్ట్ చేస్తే కారు బోల్తా పడింది. అంతటి కంపెనీ డెలివరీలు ఆపేసి, సస్పెన్షన్ మార్చి, ఈఎస్‌పీని అన్ని వేరియంట్లలో స్టాండర్డ్‌గా ఇచ్చి మళ్లీ అమ్మకాలు మొదలుపెట్టింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మొదటి తిప్పులో ప్రమాదం తక్కువ. రెండో తిప్పులోనే అసలు పరీక్ష. మొదటిసారి వాలినప్పుడు స్ప్రింగుల్లో నొక్కుకున్న శక్తి, రెండోసారి వాలేటప్పుడు తోడవుతుంది. ఆ శక్తిని మధ్యలో తినేయాల్సింది షాక్ అబ్జార్బర్. నా స్విఫ్ట్‌లో ఈఎస్‌పీ లేదు. అంటే కారుని కాపాడాల్సింది కింద ఉన్న రబ్బరు, ఆయిల్, ఇనుము మాత్రమే.

కానీ ఇదంతా నాకు అప్పుడు తెలియదు. అప్పుడు తెలిసిందల్లా రీల్స్.

19 వేల తప్పు

"బాడీ రోల్ ఎక్కువా? లోయరింగ్ స్ప్రింగ్స్ వెయ్ బ్రో." పది వీడియోలు చూస్తే తొమ్మిదింటిలో ఇదే. లాజిక్ కూడా కరెక్టే అనిపించింది. స్ప్రింగ్ గట్టిగా ఉంటే తక్కువ వాలుతుంది, కారు కిందకి దిగితే సెంటర్ ఆఫ్ గ్రావిటీ తగ్గుతుంది. జూన్‌లో 19 వేలు పెట్టి సెట్ కొన్నా. స్టాక్ కంటే 30 శాతం గట్టివి, కారు 35 మి.మీ. కిందకి దిగుతుంది అని బాక్స్ మీద ఉంది. ఒక షాపులో బిగించారు. పాత షాక్ అబ్జార్బర్లు ఎలా ఉన్నాయో వాళ్లు చూడలేదు, నేనూ అడగలేదు. ఇక్కడ నా తప్పే ఎక్కువ.

చూడ్డానికి కారు అదిరిపోయింది. మొదటి వారం ఫొటోలే ఫొటోలు. మామూలు మలుపుల్లో నిజంగానే తక్కువ వాలింది. కానీ హైవే మీద వంద దాటితే కారు చిన్న చిన్నగా ఎగురుతూనే ఉంది. బ్రిడ్జి జాయింట్ల దగ్గర మరీ ఘోరం. మా కోదాడ నుంచి హైదరాబాద్ వెళ్లాలంటే ఎన్‌హెచ్ 65 మీద 175 కిలోమీటర్ల పైచిలుకు. సూర్యాపేట వచ్చేసరికే నాన్న నడుం పట్టుకుని కూర్చునేవాడు. పైగా ఊళ్లో ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ కింద గర్ర్ మని రాసుకునేది.

సెప్టెంబర్ మొదట్లో కుండపోత వాన పడింది. అప్పటి వరదలు మీకూ గుర్తుండే ఉంటాయి, కోదాడలో కార్లు నీళ్లలో కొట్టుకుపోయిన వీడియోలు అందరూ చూశారు. మా కారు మేడ మీద పార్కింగ్‌లో ఉండి బతికింది గానీ, తర్వాత గుంతలు పడ్డ రోడ్ల మీద తిప్పడం నా వల్ల కాలేదు. ఒక గుంతలో దిగితే మూడుసార్లు ఊగి, నాలుగోసారి ఠంగ్ మని సౌండ్ వచ్చేది.

గట్టి స్ప్రింగ్ వేస్తే ఎందుకు చెడింది?

ఇది కొంచెం ఫిజిక్స్, కానీ ఇంటర్‌లో చదివిందే. స్ప్రింగ్ శక్తిని దాచుకుంటుంది, ఖర్చు చేయదు. నొక్కితే తిరిగి నెడుతుంది, అంతే. ఖర్చు చేసే పని డ్యాంపర్‌ది, అంటే మనం షాక్ అబ్జార్బర్ అనే గొట్టానిది. లోపల పిస్టన్‌కి సన్నటి దారులుంటాయి. ఆయిల్ ఆ దారుల్లోంచి పిండుకుని వెళ్లేటప్పుడు ఊపు వేడిగా మారిపోతుంది. లాంగ్ డ్రైవ్ తర్వాత షాక్ అబ్జార్బర్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది అందుకే.

ఏ స్ప్రింగ్‌కి ఎంత డ్యాంపింగ్ కావాలో ఒక లెక్క ఉంది, డ్యాంపింగ్ రేషియో అంటారు. 1 అయితే కారు ఊగకుండా నేరుగా ఆగుతుంది, 0 అయితే ఊగుతూనే ఉంటుంది. మామూలు ఫ్యామిలీ కార్లలో ఇది సుమారు 0.2 నుంచి 0.4 మధ్య ఉంటుంది. డ్యాంపర్ మార్చకుండా స్ప్రింగ్‌ని 30 శాతం గట్టి చేస్తే ఈ రేషియో ఇంకో 12 శాతం పడిపోతుంది. అరిగిపోయిన డ్యాంపర్ మీద గట్టి స్ప్రింగ్ వేయడమంటే, బ్రేకులు సరిగా పడని బండికి పెద్ద ఇంజన్ పెట్టడం లాంటిది.

ఇంకో విషయం. కారు 35 మి.మీ. దిగిందంటే చక్రం పైకి లేవడానికి ఉన్న చోటులో 35 మి.మీ. పోయినట్టే. ఆ చోటు అయిపోతే బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క తగులుతుంది. నా ఠంగ్ సౌండ్ అదే. (స్ప్రింగ్ చుట్లు కోయించుకునేవాళ్లకి ఒక మాట: చుట్టు తగ్గితే స్ప్రింగ్ గట్టిపడుతుంది, పైగా కోసిన కొన సీటులో సరిగా కూర్చోదు. గుంతలో జారిపోయే ఛాన్స్ ఉంది. దయచేసి వద్దు.)

ఫోన్‌తో కొలిచా

ఇక్కడే మన ఏరియా మొదలైంది. "ఊగుతోంది" అని ఎవరైనా అంటారు. ఎంత ఊగుతోంది? ఫోన్‌లో యాక్సిలరోమీటర్ ఉంది కదా! అసలు ఆ చిప్ కూడా ఒక బుల్లి సస్పెన్షనే. లోపల సిలికాన్ ముక్క, సిలికాన్ స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. ఫోన్ కదిలితే ఆ ముక్క జరిగిన దూరాన్ని కొలుస్తుంది.

యాప్ పేరు ఫైఫాక్స్. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు ఫిజిక్స్ ప్రయోగాల కోసం చేసిన ఫ్రీ యాప్, ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ ఉంది. అందులో గ్రావిటీ తీసేసి యాక్సిలరేషన్ చూపించే ఆప్షన్ ఎంచుకోండి. ఫోన్‌ని ముందు సీటు దగ్గర ఫ్లోర్ మీద డబుల్ సైడ్ టేప్‌తో అతికించండి. సీటు మీద పెడితే స్పాంజి ఊపు కూడా కలిసిపోతుంది, డ్యాష్‌బోర్డ్ హోల్డర్ అయితే అదే ఊగుతుంది. ఇంజన్ ఆఫ్ చేయండి. ముందు ఫెండర్ మీద రెండు చేతులతో మూడు, నాలుగు సార్లు లయగా నొక్కి, కారు బాగా ఊగుతున్నప్పుడు వదిలేయండి. గ్రాఫ్‌లో నిలువు యాక్సిస్ చూడండి. మొదటి శిఖరం ఎత్తు ఎంత, అదే వైపు రెండోది ఎంత? అంతే.

నా కారులో, గట్టి స్ప్రింగుల మీద, మొదటి శిఖరం 100 అనుకుంటే రెండోది 55. లెక్క వేస్తే డ్యాంపింగ్ రేషియో దాదాపు 0.09. ఊపు సెకనుకి ఒకటిన్నర సార్లు. కారు కాదు, ఊయల!

ఒక జాగ్రత్త: ఇది ల్యాబ్ టెస్ట్ కాదు. చేత్తో నొక్కినప్పుడు రబ్బరు బుష్‌ల రాపిడి కూడా కలుస్తుంది. ఒకే కారు, ఒకే ఫోన్, ఒకే చోట "ముందు-తర్వాత" పోల్చుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. మీ ఫ్రెండ్ కారు నంబర్‌తో పోల్చకండి.

"కొత్త చెప్పులు తెచ్చి విరిగిన కాలికి తొడిగావ్"

ఈ గ్రాఫ్ పట్టుకుని మా ఊళ్లో ఒక పాత మెకానిక్ దగ్గరికి వెళ్లా. ముప్పై ఏళ్లుగా సస్పెన్షన్ పనే చేస్తున్నాడు. గ్రాఫ్ వైపు చూసి, "అది తర్వాత చూద్దాంలే తమ్ముడూ" అని కారు జాకీ ఎక్కించాడు. లోయర్ ఆర్మ్ వెనక బుష్ దగ్గర ఇనుప రాడ్ పెట్టి పైకి ఎత్తాడు. ఆర్మ్ నా వేలు మందం కదిలింది. రబ్బరు చిరిగి రెండు ముక్కలైంది.

"ఏంది తమ్ముడూ, కొత్త చెప్పులు తెచ్చి విరిగిన కాలికి తొడిగావ్!"

ఆ బుష్ చిన్న రబ్బరు ముక్క. కానీ చక్రం ఎటు చూడాలో నిర్ణయించేది అదే. అది చిరిగితే స్టీరింగ్ తిప్పినప్పుడు, బ్రేక్ వేసినప్పుడు ముందు ఆర్మ్ జరుగుతుంది, ఆ తర్వాతే చక్రం తిరుగుతుంది. ఆ రాత్రి రెండో తిప్పుకి కారు ఆలస్యంగా రావడానికి సగం కారణం ఇదే అని నా నమ్మకం. మిగతా సగం షాక్ అబ్జార్బర్లు. ముందు రెండింటి మీదా ఆయిల్ చెమర్చి, దుమ్ము పట్టి, నల్లగా అట్ట కట్టింది. స్టెబిలైజర్ లింకులు చేత్తో పట్టుకుంటే టకటకలాడాయి.

తర్వాత టైర్ల వైపు చూశాడు. సైడ్‌లో నాలుగంకెల కోడ్ 3116. అంటే 2016లో 31వ వారం తయారైనవి. త్రెడ్ ఉంది కాబట్టి బాగున్నాయనుకున్నా. ఎనిమిదేళ్లకి రబ్బరు గట్టిపడి గోరు దిగట్లేదు. మీ టైర్ మీద ఆ నాలుగంకెలు ఇప్పుడే వెళ్లి చూసుకోండి. మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది.

ఇందులో ఏ ఒక్కటీ కారు కంపెనీ తప్పు కాదు. సిమెంట్ లారీలు, కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కే ట్రాక్టర్లు తిరిగే రోడ్ల మీద పదేళ్లు నడిస్తే ఏ రబ్బరైనా ఇంతే.

బిల్లు, రిజల్ట్

ముందు రోజు పాత స్టాక్ స్ప్రింగులు తిరిగి వేయించా. కేవలం కొలత కోసం, డ్యాంపర్లు అవే ఉంచి. రెండో శిఖరం సరిగ్గా సగానికి వచ్చింది. రేషియో 0.11. అంటే ఏప్రిల్ రాత్రి నేను నడిపింది ఈ కారుని. రీల్స్ చూసి దాన్ని ఇంకా కిందకి దించానన్నమాట.

మర్నాడు అన్నీ మార్చాం. ముందు గ్యాస్ స్ట్రట్లు జత 5,400. వెనక షాక్ అబ్జార్బర్లు జత 2,600. స్ట్రట్ మౌంట్లు, బంప్ స్టాప్‌లు, డస్ట్ కవర్లు కలిపి 2,300. లోయర్ ఆర్మ్‌లు బుష్‌లతో సహా రెండూ 3,800. స్టెబిలైజర్ లింకులు 1,300. లేబర్, అలైన్‌మెంట్ 3,200. మొత్తం 18,600 రూపాయలు. చూశారా, నా లోయరింగ్ స్ప్రింగుల కంటే 400 తక్కువ! టైర్లు నాలుగూ విడిగా 17,200 అయ్యాయి. ఇవి నాకు పడ్డ రేట్లు, మీ ఊళ్లో వేరుగా ఉండొచ్చు.

బిగించేటప్పుడు మెకానిక్ ఒక పని చేశాడు, అది చాలా చోట్ల చేయరు. ఆర్మ్ బోల్టులు గాలిలో ఉండగా వదులుగా పెట్టి, కారు కిందకి దించి, బరువు చక్రాల మీద పడ్డాక ఫుల్ టైట్ చేశాడు. గాలిలో వేలాడుతున్నప్పుడే టైట్ చేస్తే, కారు దిగాక రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. మీరు ఏ షాపుకి వెళ్లినా ఇది పక్కనుండి చూసుకోండి.

మళ్లీ అదే చోట, అదే ఫోన్. మొదటి శిఖరం 100కి రెండోది 17 లోపే, అంటే ఆరో వంతు. రేషియో 0.27. ఊపు సెకనుకి 1.3 సార్లు, మామూలు స్టాక్ కారు లాగే మెత్తగా.

అంకెలు సరే, అసలు పరీక్ష చేయాలి కదా. ఊరి బయట ప్లాట్లు అమ్ముడుపోని వెంచర్ ఒకటుంది. రోడ్లు వేశారు, లైట్ స్తంభాలు పాతారు, మనుషులు మాత్రం లేరు. ఆదివారం పొద్దున ఆరింటికి ఓనర్ పర్మిషన్‌తో నీళ్ల బాటిళ్లు వరసగా పెట్టి, ముందు 30, తర్వాత 40, చివరికి 50లో కుడి-ఎడమ తిప్పి చూశా. కారు వాలుతుంది, అది ఇప్పటికీ వాలుతుంది. కానీ వాలి ఆగుతుంది. రెండో తిప్పుకి చెయ్యి తిప్పిన వెంటనే ముక్కు తిరుగుతుంది. బావ పక్కన కూర్చుని వీడియో తీశాడు, ఒక్క బాటిల్ కూడా పడలేదని కొంచెం నిరాశపడ్డాడు.

మరి అప్‌గ్రేడ్ చేయకూడదా?

చేయొచ్చు. అరిగినవన్నీ మార్చాక కూడా ఇంకా షార్ప్‌గా కావాలంటే నా ఓటు ముందు టైర్లకి, తర్వాత డ్యాంపర్లకి. స్టాక్ స్ప్రింగులకి సరిపోయే, కొంచెం గట్టి గ్యాస్ డ్యాంపర్లు దొరుకుతాయి. కంఫర్ట్ ఎక్కువ పోదు. డబ్బున్న కార్లలో ఇంకో దారి ఉంది: చిన్న చిన్న గతుకులకి మెత్తగా, నెమ్మదిగా వాలేటప్పుడు గట్టిగా ఉండే ఫ్రీక్వెన్సీ సెలెక్టివ్ డ్యాంపర్లు. మన దేశంలో జీప్ కంపాస్‌లో ఇవి వచ్చాయి.

యాంటీ రోల్ బార్ మీద చాలామందికి మోజు. గుర్తుంచుకోండి, దాని గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 20 మి.మీ. బార్ తీసి 22 వేస్తే పది శాతం కాదు, 46 శాతం గట్టిపడుతుంది. ఒక్క వెనక మాత్రమే మారిస్తే తడి రోడ్డు మీద తోక ముందు జారొచ్చు. పాలీయూరిథేన్ బుష్‌లు స్టీరింగ్ ఫీల్ పెంచుతాయి, దాంతోపాటు కీచుకీచు, వైబ్రేషన్ కూడా. నాన్న కూర్చునే కార్లో నేను వేయను. కాయిలోవర్లు ట్రాక్‌కి తీసుకెళ్లేవాళ్లకి, మా హుజూర్‌నగర్ రోడ్డుకి కాదు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది కూడా కారు కిందకే. అరిగిన పార్ట్‌ని అదే స్పెసిఫికేషన్ పార్ట్‌తో మార్చడానికి ఈ బాధ లేదు.

లోయరింగ్ స్ప్రింగులు సగం రేటుకి అమ్మేశా. కొనడానికి వచ్చిన కుర్రాడికి ముందు తన షాక్ అబ్జార్బర్లు ఫోన్‌తో చెక్ చేసుకోమని చెప్పా. విన్నాడో లేదో తెలియదు, ఫొటో అయితే పెట్టాడు, కారు బాగా కిందకి దిగింది.

2025 ఏప్రిల్‌లో మళ్లీ మిర్యాలగూడ వెళ్లాం, మళ్లీ రాత్రే తిరుగు ప్రయాణం, మళ్లీ రోడ్డంతా పట్టాలు. ఈసారి నేను 50 దాటలేదు. రాళ్ల దగ్గర రెండుసార్లు పక్కకి తప్పించాల్సి వచ్చింది. నాన్న హుజూర్‌నగర్ రాకముందే నిద్రపోయాడు. అమ్మ వెనక సీట్లోనే ఉంది.

వెనక ఎడమ వైపు నుంచి ఇంకా ఒక చిన్న కిర్రు వినిపిస్తోంది. టార్షన్ బీమ్ బుష్ అని నా అనుమానం. వచ్చే ఆదివారం ఫోన్ అతికించి చూడాలి.